కొత్త ఓటు అడిగే ముందు పాత లెక్క చెప్పాలి

ప్రశ్న: మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఒక ఐఎస్‌డీ (స్వతంత్ర స్కూల్ డిస్ట్రిక్ట్) పరిధిలో. పోయిన నవంబర్‌లో మా డిస్ట్రిక్ట్ పెట్టిన స్కూల్ బాండ్ (బడుల భవనాల వంటి వాటికి ఓటర్ల అనుమతితో తెచ్చే అప్పు) ఓడిపోయింది. వచ్చే మే ఎన్నికల్లో స్కూల్ బోర్డుకి పోటీ చేద్దామనుకుంటున్నాను. ఇంటింటికీ తిరుగుతుంటే చాలామంది "బోర్డు మీద నమ్మకం పోయింది" అంటున్నారు. ఏం చేస్తే నమ్ముతారని అడిగితే మాత్రం సూటిగా చెప్పడం లేదు. ఓటర్లు అసలు ఏం ఆశిస్తున్నారు? బాండ్ గురించి నన్ను అడిగితే ఏమనాలి?

జవాబు:

పోటీ చేయాలనుకోవడం మంచి నిర్ణయం. మన పిల్లలు ఇన్ని వేలమంది చదివే బడులను నడిపించే బోర్డుల్లో మనవాళ్ళు ఇంకా తక్కువే. నేను వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని. చాలా ఏళ్ళుగా మా ఐఎస్‌డీ బోర్డు మీటింగులు వదలకుండా చూస్తున్నాను. బాండ్ డబ్బు ఎలా ఖర్చవుతోందో చూసే పౌరుల కమిటీలో కూడా కొంతకాలం ఉన్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

జనం అడిగేది ఒక్కటే: పోయినసారి మీరు చెప్పిందేమిటి, చేసిందేమిటి? ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించకుండా బోర్డు కొత్తగా ఏది అడిగినా వాళ్ళకి అనుమానమే. సర్వేలు, టౌన్‌హాళ్ళు, రంగురంగుల వీడియోలు ఎన్ని పెట్టినా ఆ లోటు తీరదు.

"నమ్మకం లేదు" అంటే "టాక్స్ పెరగడం ఇష్టం లేదు" అని చాలామంది బోర్డు సభ్యులు అర్థం చేసుకుంటారు. అది సగమే నిజం. టెక్సాస్‌లో 65 ఏళ్ళు నిండినవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ళ ఇంటి మీద స్కూల్ టాక్స్ అప్పటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది. ఇంటికి కొత్తగా గది గట్రా కట్టుకుంటే తప్ప ఆ మొత్తం పెరగదు. అంటే బాండ్ గెలిచినా ఓడినా వాళ్ళ జేబుకి తేడా ఉండదు. అయినా మీరు తలుపు తట్టినప్పుడు గట్టిగా వద్దనేవాళ్ళలో ఈ పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాళ్ళ బాధ డబ్బు గురించి కాదు. తమ ఊరి బడి గురించి తమతో నిజం మాట్లాడటం లేదని.

దీనికి హ్యూస్టన్‌ని మించిన ఉదాహరణ లేదు. హ్యూస్టన్ ఐఎస్‌డీ రాష్ట్రంలోకెల్లా పెద్దది. అక్కడి ఎన్నికైన బోర్డు ముందే పరువు పోగొట్టుకుంది. 2018 అక్టోబర్‌లో తొమ్మిదిమందిలో ఐదుగురు కలిసి, ఉన్నట్టుండి తాత్కాలిక సూపరింటెండెంట్‌ని (డిస్ట్రిక్ట్ మొత్తాన్ని నడిపే ముఖ్య అధికారిని) మార్చేసి, జనం మండిపడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆ ఐదుగురూ బహిరంగ మీటింగుల చట్టాన్ని తప్పించుకుని ముందే మాట్లాడుకున్నారని రాష్ట్ర విద్యాశాఖ విచారణలో తేల్చింది. ఒక మాజీ బోర్డు అధ్యక్షురాలు లంచం కేసులో నేరం ఒప్పుకున్న సంగతి 2021లో బయటపడింది. ఒక హైస్కూల్ వరసగా ఫెయిల్ గ్రేడ్లు తెచ్చుకోవడం వల్ల టేకోవర్, అంటే డిస్ట్రిక్ట్‌ని రాష్ట్రం తన చేతుల్లోకి తీసుకునే పని, మొదలైంది. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగాక, 2023 జూన్ 1న రాష్ట్రం ఎన్నికైన సభ్యుల్ని పక్కన పెట్టి తను ఎంపిక చేసిన తొమ్మిదిమందిని, కొత్త సూపరింటెండెంట్‌ని కూర్చోబెట్టింది.

వాళ్ళు 2024 నవంబర్‌లో 440 కోట్ల డాలర్ల బాండ్ పెట్టారు. టెక్సాస్ చరిత్రలో అంత పెద్ద స్కూల్ బాండ్ అంతకుముందు లేదు. టాక్స్ రేటు పెరగదని చెప్పారు. పాత భవనాలు, తాగునీటిలో సీసం, పనిచేయని ఏసీలు, భద్రత. అన్నీ నిజమైన అవసరాలే, ఎవరూ కాదనలేదు. అయినా దాదాపు 58 శాతం మంది వద్దన్నారు. ఆ కౌంటీలో డెమొక్రాట్లూ, రిపబ్లికన్లూ ఇద్దరూ వ్యతిరేకించారు. ఈ రోజుల్లో ఆ రెండు పార్టీలూ ఒక విషయం మీద ఒక్కటవడం ఎంత అరుదో మీకు తెలుసు. వీధుల్లో కనిపించిన నినాదం "నమ్మకం లేనిదే బాండ్ లేదు". అంతకుముందు ఏడాదే చాలా బడుల్లో లైబ్రేరియన్లను తీసేశారు. ఎందుకని అడిగిన తల్లిదండ్రులకు తృప్తికరమైన జవాబు రాలేదు. పైగా ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్ళని ఓటుతో దించే దారి వాళ్ళకి లేదు. ఇక చేతిలో మిగిలింది బాండ్ మీద ఓటే. దాన్నే వాడారు.

మీ దగ్గర పరిస్థితి అంత దూరం వెళ్ళలేదు. బోర్డుని ఓటుతో మార్చుకునే అవకాశం మీ ఓటర్లకు ఉంది, మీరు పోటీ చేయడమే అందుకు సాక్ష్యం. కాబట్టి ఫ్రిస్కో కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. మనవాళ్ళు బాగా స్థిరపడిన ఊరు, మీకు తెలిసే ఉంటుంది. 2016 ఆగస్టులో ఫ్రిస్కో ఐఎస్‌డీ టాక్స్ రేటు 13 సెంట్లు పెంచుకుంటామని ఓటుకి వెళ్ళి ఓడిపోయింది. సరిగ్గా ఆ నెలలోనే డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు కొత్త ప్రాంగణం తెరుచుకుంది. అందులోని స్టేడియంలో స్కూల్ డిస్ట్రిక్ట్ డబ్బు కూడా ఉంది. పిల్లలు అక్కడ ఆడుకోవచ్చని చెప్పినా, ఒకవైపు అదీ, ఇంకోవైపు టీచర్ల జీతాలకు డబ్బు లేదనడం జనానికి పొసగలేదు. ఓడిపోయాక బోర్డు ఖర్చులు తగ్గించింది, కొత్త బడుల ప్రారంభాన్ని వాయిదా వేసింది, ఊళ్ళో వాళ్ళతో దీర్ఘకాల ప్రణాళిక కమిటీ వేసి కూర్చోబెట్టింది. 2018 నవంబర్‌లో మళ్ళీ వచ్చినప్పుడు మొత్తం టాక్స్ రేటు నూరు డాలర్ల విలువకు 1.46 నుంచి 1.44కి తగ్గేలా లెక్క వేసి చూపించి అడిగింది. దాంతోపాటు 69 కోట్ల డాలర్ల బాండ్ కూడా పెట్టింది. రెండూ గెలిచాయి. అదే ఊరు, రెండేళ్ళ తేడా.

అదే ఫ్రిస్కోలో 2024 నవంబర్‌లో టాక్స్ రేటు ప్రతిపాదనా, 100 కోట్ల డాలర్లు దాటిన బాండ్‌ని మూడు ముక్కలు చేసి పెట్టిన ప్రతిపాదనలూ, నాలుగూ ఓడిపోయాయి. పిల్లల సంఖ్య పెరగడం ఆగి తగ్గడం మొదలైన సమయం అది. 2018లో అడిగింది పెరుగుతున్న ఊరి కోసం, అందరి కళ్ళముందు కనిపించే అవసరం. పిల్లలు తగ్గుతున్నప్పుడు ఎందుకు అడుగుతున్నారో ముందే, చాలా ముందే వివరించాలి. నా ఉద్దేశంలో అక్కడ తప్పింది అదే. ఒకసారి సంపాదించిన నమ్మకం తర్వాతి బాండ్‌ దాకా దానంతటదే నిలవదు.

ఇప్పుడు అసలు పనికొద్దాం. బాండ్ కమిటీలో మాకు మూడు నెలలకోసారి ఒక ఎక్సెల్ షీట్ ఇచ్చేవాళ్ళు. వరసకి ఒక ప్రాజెక్టు. ఫలానా మిడిల్ స్కూల్ చిల్లర్ (ఏసీకి చల్లదనం ఇచ్చే యంత్రం) మార్పు, ఫలానా ఎలిమెంటరీ పైకప్పు, బస్సులు, ఫైర్ అలారంలు. పక్కన కాలమ్‌లు: మొదటి బడ్జెట్, ప్రస్తుత బడ్జెట్, ఒప్పందాలు, చెల్లించింది, మిగిలింది. కొంతకాలానికి "మొదటి బడ్జెట్" కాలమ్ మాయమైంది. షీట్ పేజీలో పట్టడం లేదని కారణం చెప్పారు. ఆ కాలమ్ లేకపోతే ఏమవుతుందో చూడండి. చిల్లర్‌కి 12 లక్షలు అనుకుని 19 లక్షలు అయితే, "ప్రస్తుత బడ్జెట్"ని 19కి సవరిస్తారు, ఖర్చు 19 అవుతుంది, ప్రాజెక్టు బడ్జెట్‌లోనే పూర్తయినట్టు ఆకుపచ్చ గుర్తు పడుతుంది. ఆ ఏడు లక్షలూ ఎక్కడి నుంచో రావాలి కదా. కింద వరసల్లో ఒక పైకప్పు పని రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాదికి జరుగుతుంది, ఇంకో బడిలో ప్లేగ్రౌండ్ "పరిధి సవరించబడింది" అవుతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు. కోవిడ్ తర్వాత సామాను, కూలి రేట్లు అలా పెరిగాయి. కానీ ఆ ప్లేగ్రౌండ్ వస్తుందని ఓటేసిన తల్లికి ఒక్కరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఆమె ఇంకెప్పుడూ బాండ్‌కి ఓటేయదు, ఆమె మాట విన్న పదిమందీ వేయరు.

కాబట్టి మీ మొదటి హామీ ఇదే కావాలని నా సలహా: ఇంతకుముందు గెలిచిన బాండ్‌లో ఓటర్లకు చూపించిన జాబితా, అవే పేర్లతో, అదే వరసలో, మొదటి అంచనా కాలమ్‌తో సహా, ప్రతి మూడు నెలలకూ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టించడం. పేర్లు మార్చకూడదు. మూడు ప్రాజెక్టుల్ని ఒకటిగా కలిపేయకూడదు. ఆలస్యమైనవాటి పక్కన కారణం ఒక వాక్యంలో రాయాలి. ఇది బోర్డు తన ఓటుతో ఒక్క మీటింగులో నిర్ణయించగలిగే పని, పైసా ఖర్చు లేదు.

తర్వాత అజెండా. చాలామంది ఓటర్లకు "కన్సెంట్ అజెండా" అనే మాట తెలియదు. పదిహేనో ఇరవయ్యో అంశాలను ఒకే మూట కట్టి, చర్చ లేకుండా ఒకే ఓటుతో పాస్ చేసేస్తారు. మామూలు పనులకు అది అవసరమే. అయితే లక్షల డాలర్ల కాంట్రాక్టులు, సాఫ్ట్‌వేర్ కొనుగోళ్ళు, కన్సల్టెంట్లు కూడా ఆ మూటలోనే పోతుంటాయి. ఎవరైనా ఒక ట్రస్టీ (బోర్డు సభ్యుడు) అడిగితే ఆ అంశాన్ని బయటికి తీసి విడిగా చర్చించవచ్చు. మీరు ఎన్నికయ్యాక ప్రతి మీటింగులోనూ కనీసం పెద్ద కాంట్రాక్టులను బయటికి తీసి, ఎన్ని టెండర్లు వచ్చాయి, ఎందుకు వీళ్ళకే ఇస్తున్నాం అని అందరి ముందూ అడిగితే చాలు. జవాబు సరిగ్గానే ఉండవచ్చు, చాలాసార్లు ఉంటుంది కూడా. ఆ జవాబు జనం చెవిన పడటం ముఖ్యం.

మూసిన తలుపుల మీటింగుల గురించి కూడా మీకు ప్రశ్నలు వస్తాయి. లాయర్ సలహా, ఉద్యోగుల విషయాలు, భూమి కొనుగోలు, భద్రత, ఇలాంటి వాటికి చట్టమే అనుమతి ఇచ్చింది. ఓటు మాత్రం బహిరంగంగానే వేయాలి. జనానికి కోపం తెప్పించేది ఎక్కడంటే, రెండు గంటలు లోపల కూర్చుని బయటికి వచ్చి, ఒక్క మాట చర్చ లేకుండా ఏడుగురూ చేతులెత్తడం. ముఖ్యంగా సూపరింటెండెంట్‌ని పంపించేసేటప్పుడు. "పరస్పర అంగీకారంతో" అని ఒక వాక్యం, చేతిలో పెద్ద చెక్కు. ఏడాది జీతం, సదుపాయాలకు మించి ఇస్తే ఆ పైమొత్తం మేరకు రాష్ట్రం డిస్ట్రిక్ట్‌కి ఇచ్చే డబ్బులో కోత వేస్తుందన్న సంగతి తెలిస్తే ఓటర్లకు ఇంకా మండుతుంది. వ్యక్తిగత వివరాలు చెప్పనక్కర్లేదు. ఎంత ఇస్తున్నాం, ఏ పద్దు నుంచి, తర్వాతి మనిషిని ఎలా వెతుకుతాం అన్నది అదే రాత్రి చెప్పాలి.

ఇక్కడే మీకొక హెచ్చరిక. ఎన్నికయ్యాక తోటి ట్రస్టీలతో వాట్సాప్ గ్రూప్ పెట్టకండి. హ్యూస్టన్ ఐదుగురి సంగతి పైన చెప్పాను. ఒకేచోట కూర్చోకపోయినా, ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడుతూ కోరం (మీటింగుకి కావాల్సిన కనీస సంఖ్య) అంతమందీ బోర్డు పని గురించి తేల్చుకుంటే అది చట్టం ఒప్పుకోని మీటింగే. 2019లో చట్టాన్ని దీనికోసమే మళ్ళీ స్పష్టంగా రాశారు. మనవాళ్ళకి గ్రూపుల అలవాటు ఎక్కువ కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

చెడు వార్త ఎవరి నోటి నుంచి ముందు వస్తుందన్నది నమ్మకానికి అన్నిటికన్నా పెద్ద పరీక్ష. యువాల్డీ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 2022 మే 24న ఆ ఊరి రాబ్ ఎలిమెంటరీ బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ డిస్ట్రిక్ట్ పోలీస్ చీఫ్‌ని బోర్డు తొలగించింది ఆగస్టు 24న, సరిగ్గా మూడు నెలల తర్వాత. ఆ మూడు నెలలూ బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మీటింగు తర్వాత మీటింగుకి వచ్చి మైకు ముందు నిలబడి అడగాల్సి వచ్చింది. డిస్ట్రిక్ట్ దగ్గరున్న రికార్డులు బయటికి రావడానికి కోర్టుల్లో పోరాడితే 2025 దాకా పట్టింది. ఏ ఊరి బోర్డుకీ అలాంటి రోజు రాకూడదు. కానీ చిన్న విషయాల్లో కూడా జనం చూసేది అదే: బస్సులో గొడవైనా, ఒక ఉద్యోగి అరెస్టయినా, పిల్లల డేటా లీకైనా, ఆ రాత్రే డిస్ట్రిక్ట్ నుంచి ఈమెయిల్ వచ్చిందా, లేక మూడు రోజుల తర్వాత ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకున్నామా. తెలిసినంతవరకు చెప్పి, మిగతాది ఫలానా రోజు చెబుతామని తేదీ ఇచ్చి, ఆ తేదీకి మాట నిలబెట్టుకున్న బోర్డుని జనం క్షమిస్తారు. నేను చూశాను.

మీ దగ్గర ఇంకో పెద్ద అంశం రాబోతోంది, ఇప్పటికే మొదలై ఉండవచ్చు: బడుల మూసివేత. ప్లేనో ఐఎస్‌డీ 2024 జూన్‌లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. పిల్లలు తగ్గుతున్నారు, రాష్ట్రం ఒక్కో పిల్లవాడికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగి, 2025లో 55 డాలర్లు మాత్రమే పెరిగింది. కాబట్టి మూసివేతలు ఇంకా వస్తాయి. మనవాళ్ళలో చాలామంది ఫలానా బడి కోసమే లక్షలు ఎక్కువ పెట్టి ఇల్లు కొన్నవాళ్ళు. ఏ ఇల్లు ఏ బడి కిందికి వస్తుందో చెప్పే గీతలు మారతాయనగానే టెన్షన్, వెంటనే పిటిషన్. అక్కడ ఓటర్లు ఆశించేది "మూయం" అనే హామీ కాదు, ఆ హామీ ఇచ్చినవాడిని చివరికి నమ్మరు కూడా. ఏ కొలతలతో నిర్ణయిస్తారో బడుల పేర్లు బయటికి రాకముందే చెప్పాలి: భవనం వయసు, నిండినంత శాతం, రిపేర్ల ఖర్చు, పిల్లలు కొత్త బడికి నడిచి వెళ్ళగలరా లేదా. పేర్లు తేలాక కొలతలు చెబితే ముందే నిర్ణయించేసుకున్నారని అనుకుంటారు. చాలాసార్లు అది నిజం కూడా. తర్వాత ఖాళీ అయ్యే భవనం ఏమవుతుందో, టీచర్లకు ఎక్కడ చోటిస్తారో అదే కాగితంలో ఉండాలి.

పుస్తకాల గొడవలు, జాతీయ రాజకీయాలు మీటింగుల్లో గంటలు గంటలు తినేస్తున్నాయి. ఆ తల్లిదండ్రుల మాట వినాల్సిందే, తేలిగ్గా తీసేయకూడదు. కానీ ఒక ట్రస్టీ ఆరు నెలల్లో మాట్లాడిన మాటలన్నీ వాటి గురించే అయితే, మూడో తరగతి పిల్లలు చదవగలుగుతున్నారా లేదా అన్న ప్రశ్న ఎవరు అడుగుతారు? దీని మీద ఇంతకన్నా చెప్పేది లేదు.

పబ్లిక్ కామెంట్ గురించి మాత్రం చెప్పాలి. 2019 చట్టం ప్రకారం అజెండాలో ఉన్న ప్రతి అంశం మీదా, బోర్డు దాన్ని చేపట్టకముందే గానీ చేపట్టినప్పుడే గానీ జనానికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అందుకు సిటిజన్ కావాల్సిన పని లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డ్ క్యూలో పదేళ్ళుగా నిలబడ్డవాళ్ళు ఇదే టాక్స్ కడుతున్నారు, ఇవే బడులకు పిల్లల్ని పంపుతున్నారు. ఓటు లేదని మనవాళ్ళు నోరు విప్పరు, ఓటు లేదని బోర్డు వాళ్ళని లెక్కలోకి తీసుకోదు. మీరు ఆ రెండూ మార్చగలరు. వచ్చి మూడు నిమిషాలు మాట్లాడిన ప్రతి ఒక్కరికీ రెండు వారాల్లో రాతపూర్వకంగా జవాబు వెళ్ళాలి, ఆ జవాబు అందరికీ కనపడేలా పెట్టాలి అని ఒక పద్ధతి తేగలిగితే, దాన్ని జనం ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. అజెండాలో లేని విషయం మీద అక్కడికక్కడ చర్చించడానికి చట్టం ఒప్పుకోదు, నిజమే. తర్వాత ఉత్తరం రాయవద్దని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇక మీ చివరి ప్రశ్న, బాండ్ గురించి అడిగితే ఏమనాలని. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, టెక్సాస్‌లో స్కూల్ బాండ్ బ్యాలట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని రాసి తీరాలని 2019 నుంచి చట్టం. రేటు పెరగకపోయినా ఆ వాక్యం ఉంటుంది. "టాక్స్ పెరగదు" అని బ్రోషర్‌లో చదివి, బ్యాలట్ మీద ఆ మాట చూసిన ఓటరు ఎవరిని నమ్మాలి? అందుకే రేటు వేరు, బిల్లు వేరు అని మీరు ముందే విడమరిచి చెప్పండి. ఇంటి విలువ పెరిగితే రేటు మారకపోయినా బిల్లు పెరగవచ్చు; అప్పు తీరేకొద్దీ రేటు తగ్గాల్సింది, కొత్త అప్పు వల్ల తగ్గకుండా ఉండిపోవచ్చు. బాండ్ డబ్బు భవనాలకీ బస్సులకీ కంప్యూటర్లకే, టీచర్ల జీతాలకు వాడకూడదని కూడా చెప్పండి. చాలామందికి ఇది తెలియదు. రెండు, డిస్ట్రిక్ట్ తన డబ్బుతో బాండ్‌కి ఓటేయమని ప్రచారం చేయకూడదు, సమాచారం మాత్రమే ఇవ్వాలి. "సమాచారం" పేరుతో వచ్చే నున్నటి కరపత్రాల మీద జనానికి ఎందుకు అనుమానమో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి ఎవరైనా "మళ్ళీ బాండ్ పెడితే మీరు ఓటేస్తారా?" అని అడిగితే ఔననీ కాదనీ ఇప్పుడే అనకండి. గెలిచిన గత బాండ్ జాబితా మొదటి అంచనాలతో సహా బయట పెట్టేదాకా కొత్తది బ్యాలట్‌కి పంపడానికి నా ఓటు ఉండదని చెప్పండి. దానికి ముందు ఒక పని చేయండి. డిస్ట్రిక్ట్‌కి సమాచార దరఖాస్తు పెట్టి, ఇంతకుముందు గెలిచిన బాండ్‌కి అప్పట్లో ఓటర్లకు చూపించిన ప్రాజెక్టుల జాబితా, ఇప్పటి స్థితి రెండూ తెప్పించుకోండి. పది పని దినాల్లో కాగితాలైనా ఇవ్వాలి, ఎప్పుడిస్తారో తేదీ అయినా రాసివ్వాలి, లేదా ఇవ్వకుండా ఉండవచ్చా అని అటార్నీ జనరల్‌నైనా అడగాలి. అవి చేతికొచ్చాక మీ వీధి బడి వరస ఎక్కడుందో చూసుకుని, ఆ కాగితం పట్టుకుని మళ్ళీ తలుపులు తట్టండి. ఏమైనా అర్థం కాకపోతే ఆ షీట్ ఇక్కడే పెట్టండి, వరస వరసా కలిసి చూద్దాం.